మా ఇంటి కంప్యూటర్‌కి స్టెప్నీ

మా ఆయన కంప్యూటర్‌ని కంప్యూటర్ అనగా నేనెప్పుడూ వినలేదు. బండి అంటారు. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, నేరుగా దాని దగ్గరికెళ్ళి వెనకాల చెయ్యి పెట్టి చూస్తారు. రాత్రంతా ఆపి ఉన్నదానికి వేడెక్కడ నుంచి వస్తుందండీ? రాదు. అయినా చూస్తారు. తీగలన్నీ వేళ్ళతో తడిమి, బ్రష్షుతో దుమ్ము దులిపి, వంగి ఫ్యాను దగ్గర చెవి పెట్టి, అప్పుడు గానీ మీట నొక్కరు. నా నడుం నొప్పి గురించి ఒక్కరోజు ఇంత శ్రద్ధగా అడిగి ఉంటే నేను ఎగిరి గంతేసేదాన్ని. గంతేస్తే నడుం పట్టేసేదేమో, అది వేరే సంగతి.

ఆయన ఉద్యోగమంతా బస్సు నడిపారు. డిపోలో ఆయన్ని అందరూ "గ్యారంటీ" అనేవారు. ఆయన బస్సు ఎక్కినవాళ్ళు ఆలస్యంగా చేరితే చేరతారేమో గానీ చేరడం మాత్రం గ్యారంటీ. ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యకుండా స్టీరింగ్ వదిలిన మనిషి. ఆ మాట తనంతట తాను చెప్పుకోరు. ఇంటికొచ్చినవాళ్ళు అడిగేదాకా కబుర్లు అటూ ఇటూ తిప్పి, వాళ్ళు అడిగాక "అబ్బే, ఏదో అలా జరిగిపోయిందండీ" అంటారు.

నేను ఆయన బస్సు ఆగే బస్‌స్టాండులోనే మైకు దగ్గర కూర్చునేదాన్ని. ఏ బస్సు ఎక్కడ ఆగింది, ఏది బయలుదేరబోతోంది, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడు, అన్నీ నా గొంతే చెప్పాలి. ఆ గొంతు విని మా ఆయన మనసు పారేసుకున్నారట. పెళ్ళయిన తర్వాత అదే గొంతు కాస్త తగ్గించమని బతిమాలుకున్నారు. నేను తగ్గించలేదు. అది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం పోయినా ఉండిపోయింది.

ఇద్దరం రిటైరయ్యాక ఓ పంతులమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. చూపులేని పిల్లల బడిలో పాఠాలు చెబుతుందావిడ. "మీ గొంతు వింటూ పెరిగానండీ. మా పిల్లలకి పాఠాలు చదివి రికార్డు చేసి పెడతారా? వాళ్ళు విని నేర్చుకుంటారు" అంది. నేను ఊ అనేలోపే మా ఆయన "బండి ఉంది, మైకు ఉంది" అనేశారు. ఆ మైకు కూడా మా కంప్యూటర్‌లాగే పాతది, వేరే దేనికీ అతకదు. ఆ రోజు నుంచి మా మధ్యగది స్టూడియో అయిపోయింది. కిటికీకి దుప్పటి కట్టాం. గోడ గడియారాన్ని టిక్కుటిక్కుమంటోందని వంటింట్లోకి తరిమేశాం. నేను కుర్చీలో, ఆయన బండి ముందు. ఆయన రికార్డు మీట నొక్కి, చెయ్యి పైకెత్తి, "రైట్ రైట్!" అని కేకేస్తారు. అప్పుడు నేను చదవాలి.

"పాఠానికి ముందు ఆ కేకేంటండీ? పిల్లలు జడుసుకుంటారు" అన్నాను మొదట్లో.

"జన్మంతా వెనక నుంచి కండక్టరు చెబితే విన్నానే. అది వినపడందే బండి అంగుళం కదిలించలేదు. ఇన్నాళ్ళకి నేను చెప్పే వంతు వచ్చింది, చెప్పుకోనీ" అన్నారు.

సరే, పంపేముందు ఆ ముక్క కత్తిరించెయ్యమన్నాను. ఆయన తలూపారు. కత్తిరించే విద్య ఆయనకే తెలుసు, నాకు తెలీదు. కాబట్టి కత్తిరించారనే అనుకుంటూ వచ్చాను.

ఇక ఆ బండికి ఆయన చేసే కాపలా గురించి చెప్పాలి. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళు ఈ వయసు కంప్యూటర్లకి మరమ్మతులు పంపడం ఏనాడో మానేశారట. కొత్తగా ఎక్కడైనా కన్నం బయటపడితే పూడ్చే దిక్కు లేదు, దొంగలు అందులోంచే దూరతారు. ఈ సంగతి రిపేరు షాపాయన చెప్పినప్పటి నుంచీ మా ఆయన కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. నెట్ తీగ ఎప్పుడూ పెట్టి ఉంచరు. గోడకి మేకు కొట్టి తగిలించారు. పాఠాలు పంపేటప్పుడో, వైరస్‌ల మందుకి కొత్త డోసు దించుకునేటప్పుడో తప్ప అది మేకు దిగదు. తాళాలు కూడా రెండు. రోజూ వాడుకునే చిన్న పాస్‌వర్డ్ ప్యాసింజరు తాళం, దాంతో రికార్డింగ్ చేసుకోవచ్చు గానీ కొత్త సరుకేదీ లోపలికి ఎక్కించడానికి వీల్లేదు. ఎక్కించాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది డ్రైవరు తాళం. నాకు కూడా చెప్పలేదు మహానుభావుడు.

పెన్‌డ్రైవ్‌తో ఎవరొచ్చినా గుమ్మంలోనే విచారణ. మా తమ్ముడు ముచ్చటపడి వాళ్ళమ్మాయి ఫోటోలు తెస్తే, "ఎక్కడెక్కడ తిరిగొచ్చింది ఇది?" అని అడిగారు. వాడు ఏ ఫోటోల షాపు పేరో చెప్పాడు. "షాపులో ఎంతమంది చేతులు పడ్డాయి?" అన్నారు. పరీక్ష పూర్తయ్యేదాకా వాణ్ణి కాఫీ తాగనివ్వకుండా ప్రశ్నలతో ప్రాణం తీశారు. చివరికి ఆ పెన్‌డ్రైవ్‌లో నిజంగానే ఏదో పురుగు దొరికింది. ఆ రోజు మా ఆయన నడక చూడాలి! మా తమ్ముడు మాత్రం మూతి ముడుచుకుని, "అక్కా, బావగారు నన్ను జేబుదొంగలా సోదా చేశారే" అని ఇప్పటికీ అంటాడు.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం స్టెప్నీ. వారం చివర ఓ చిన్న పెట్టెలాంటి హార్డ్ డిస్క్ తగిలించి, పాఠాలన్నీ అందులోకి కాపీ చేసి, వెంటనే ఊడదీసి, తన పాత ఖాకీ చొక్కా గుడ్డలో చుట్టి నా కుట్టుమిషను సొరుగులో పెడతారు. దారపు ఉండ కోసం సొరుగు లాగితే ఖాకీ మూట చేతికి తగులుతుంది.

"తగిలించే ఉంచుకోవచ్చుగా, ఈ కట్టడం విప్పడం ఎందుకు?" అని అడిగాను ఓసారి.

"స్టెప్నీ చక్రాన్ని కూడా రోడ్డు మీద దొర్లిస్తామేంటే? మేకు దిగితే రెండూ పోతాయి" అన్నారు.

నేను నవ్వాను. చాలాసార్లు నవ్వాను.

పిల్లల పరీక్షలు దగ్గర పడ్డాయి. ఏడాది పొడుగునా చదివిన పాఠాలన్నీ బండిలో ఉన్నాయి. పరీక్షల ముందు మళ్ళీ మొదటి నుంచీ వినడానికి మొత్తం ఒకేసారి పంపమని పంతులమ్మ అడిగింది. బడిలో ఉన్నవి అరిగిపోయిన పాత ప్లేయర్లట, కొత్త పాఠం ఎక్కించాలంటే పాతది చెరపాల్సి వచ్చేదట. అంటే ఆ పిల్లల పుస్తకాలన్నీ మా మధ్యగదిలోనే ఉన్నట్టు. మిగిలింది భూగోళం ఒక్కటే, దాన్ని కూడా ఆ వారమే చదివేశాను. నాకు భూగోళమంటే ఒళ్ళుమంట, నోరు తిరగని నదులూ, ఎవరూ వెళ్ళని కొండలూ. చదివేసి హమ్మయ్య అనుకున్నాను.

వింటుంటే నా గొంతు వెనకాల గుర్రుమంటూ ఫ్యాను చప్పుడు. "ఏమండీ, ఈ గురక వింటే పిల్లలు మీదే అనుకుంటారు. ముందు దాని సంగతి చూడండి" అని కసిరాను. పాపం, ఆయన నా మాట కోసమే మేకు మీది తీగ దించి, ఆ ఫ్యానుని ఎలా బాగుచెయ్యాలో నెట్‌లో వెతకడానికి కూర్చున్నారు.

నేను వంటింట్లో ఉండగా ఏదో హారను మోత వినిపించింది. వీధిలో అనుకున్నాను. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమేవ్, బండి గుద్దేశాను."

ఫ్యాను గురించి ఏదో పేజీ తెరవగానే తెరంతా ఎర్రబడిందట. హారను కొట్టిందట. "ప్రమాదం! వెంటనే ఇక్కడ నొక్కండి" అని పెద్ద అక్షరాలు. ఇంకెవరైనా అయితే విసుక్కుని మూసేసేవాళ్ళేమో. మా ఆయనకి అది చేతకాదు. బస్సులో ముందున్న పలక మీద ఎర్ర దీపం వెలిగితే డ్రైవరు ఆలోచించకూడదు, అది చెప్పినట్టు చెయ్యాలి. లోపల నిద్రపోతున్న జనాన్ని ఆ అలవాటే క్షేమంగా ఇంటికి చేర్చింది. అందుకే నొక్కారు. లోపలికి ఎక్కడానికి డ్రైవరు తాళం అడిగింది. ఇచ్చారు. అడ్డమైన పెన్‌డ్రైవ్‌నీ గుమ్మంలో నిలబెట్టిన మనిషి, ఎర్ర రంగు పూసుకొచ్చిన దొంగకి స్వయంగా తాళంచెవి చేతిలో పెట్టారు.

నేను వెళ్ళి చూసేసరికి పాఠాల పేర్లన్నిటికీ ఏవో పిచ్చి తోకలు మొలిచాయి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. డబ్బు పంపితే తెరుస్తామని ఓ బెదిరింపు చీటీ తెర మీద కూర్చుంది. ఏడాది చదువు! ఆ పిల్లలకి మరో పుస్తకం లేదు. నా నోటికి అసలే తాళం లేదు, దులిపెయ్యడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆయన బండి వైపు చూడకుండా, పీకేసిన తీగని చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడ్డారు. తెరిచిన నోరు మూసేశాను.

కబురందగానే రిపేరు షాపాయన వచ్చాడు. నిదానస్తుడు, దేనికీ కంగారుపడడు.

"డబ్బు మాత్రం పంపకండి. పంపినా వాళ్ళు తెరుస్తారని నమ్మకం లేదు. మొత్తం తుడిచేసి మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. "కాపీ ఏమన్నా ఉందా మరి?"

మా ఆయన వెళ్ళి నా కుట్టుమిషను సొరుగు లాగి ఖాకీ మూట తెచ్చారు.

"ఇది గుద్దినప్పుడు తగిలించి ఉందా?"

ఇంకో రోజైతే ఆ ప్రశ్నకి చక్రాలూ రోడ్లూ మేకులూ కలిపి పెద్ద ఉపన్యాసం వచ్చేది. ఆ రోజు తల అడ్డంగా ఊపారంతే. షాపాయన దాన్ని మా బండికి ముట్టించకుండా తన షాపుకి తీసుకెళ్ళి పరీక్ష చేశాడు. సాయంత్రం ఫోను చేసి, "అమ్మా, అన్నీ ఉన్నాయి. ఒక్క భూగోళం లేదు" అన్నాడు. భూగోళం లేకపోతే లోకం మునిగిపోదని ఆ క్షణంలో నాకు తోచింది. అంతలోనే మళ్ళీ చదవాల్సింది నేనేనని గుర్తొచ్చింది.

మర్నాడు షాపాయన బండిని తెచ్చి పెట్టాడు. పాత యంత్రాలు మొయ్యగలిగే తేలికపాటి కొత్త సిస్టమ్ వేశానన్నాడు, దీనికి మరమ్మతులు వస్తూనే ఉంటాయట. ఫ్యాను కూడా మార్చాడు, ఇప్పుడు చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా లేదు. కొత్త పెద్ద పాస్‌వర్డ్ చెప్పబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆవిడకి చెప్పండి."

"అదేంటండీ?" అన్నాను నేను.

"డిపోలో గుద్దినవాణ్ణి సీటు దించుతారే. విచారణ తేలేదాకా ఎక్కించరు."

"ఇక్కడ విచారణ ఎవరు చేస్తారు?"

"నేనే."

"తీర్పేమిటో?"

"ఇంకా రాలేదు" అని పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఇదేదో ఒక పూట అలక అనుకున్నాను. కాదు. నూనె డబ్బా పట్టుకుని ఇంట్లో కీచుమనే ప్రతిదానికీ నూనె పెట్టడం మొదలుపెట్టారు. గేటు, బీరువా, కుట్టుమిషను, ఆఖరికి గొడుగు. మధ్యగది గుమ్మం మాత్రం దాటలేదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, కోప్పడ్డాను, "మీరు రాకపోతే నేనూ చదవను" అని బెదిరించాను కూడా. "పిల్లలు ఏం పాపం చేశారు, చదువు" అన్నారు నెమ్మదిగా. ఆ నెమ్మదే నన్ను కాల్చుకు తింది. ఈ మనిషి గట్టిగా వాదిస్తే నాకు భరోసాగా ఉంటుంది.

చేసేదేముంది, నేనే బండి ముందు కూర్చున్నాను. నదుల పాఠం మొదటి నుంచి చివరిదాకా, నోరు తిరగని పేర్లతో సహా తప్పుల్లేకుండా చదివి, చూస్తే మీట నొక్కనేలేదు. రెండోసారి నొక్కాను. మధ్యలో పాలు పొంగిన వాసనొచ్చి, నన్నూ పాలనీ కలిపి నేను తిట్టుకున్న తిట్లన్నీ శుభ్రంగా రికార్డయ్యాయి. మూడోసారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎలాగో ఆ పాఠాలు ముగించి, ఎక్కడ ఏం కత్తిరించాలో తెలీక ఉన్నవి ఉన్నట్టే అన్నిటితో కలిపి పంపేశాను. కొండల పాఠం ఒక్కటి మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. నా ఫోను ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది, నా అరుపులకి చెవి దగ్గర పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే. బడి నుంచి పంతులమ్మ, పిల్లల్లో పెద్దదైన అమ్మాయికి ఫోనిచ్చింది. మా ఆయన అప్పుడు వరండా తలుపుకి నూనె పెడుతున్నారు.

"అమ్మమ్మగారూ, పాఠాలన్నీ అందాయండీ. తాతగారికి ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నారమ్మా. ఎందుకలా అడిగావు?"

"నదుల పాఠంలో రైట్ రైట్ లేదండీ."

అంటే ఏడాది పొడుగునా ఒక్క కేకా కత్తిరించలేదన్నమాట ఈ పెద్దమనిషి! తల తిప్పి చూశాను. ఆయన తలుపు బందు వైపే చూస్తున్నారు.

"పాఠం పెట్టేముందు మేం కుర్చీలన్నీ బస్సులో సీట్లలా వేసుకుంటామండీ" అంటోంది ఆ పిల్ల. "తాతగారు రైట్ రైట్ అనగానే అందరం ఒకసారి వెనక్కి తూలతాం. కిటికీ పక్క సీటు కోసం రోజూ కొట్లాట."

"కిటికీ దేనికే మీకు?" అనేసి నాలిక్కరుచుకున్నాను.

"గాలికండీ!" అని ఫక్కున నవ్వింది. "నిన్న బండి కదల్లేదని చిన్నపిల్లలు పాఠం వినం అంటున్నారు. తాతగారు దిగిపోయారా ఏంటి?"

ఇంక దాచడమెందుకని చెప్పేశాను. "తాతగారు బండి గుద్దేశారమ్మా. అందుకని తనకి తానే శిక్ష వేసుకుని కూర్చున్నారు."

"అయ్యో! ఎవరికన్నా దెబ్బలు తగిలాయా?"

"లేదు."

"పాఠాలు పోయాయా?"

"పోలేదు. స్టెప్నీ దాచి ఉంచారు. ఒక్క భూగోళమే మళ్ళీ చదివాను."

"మరింకేంటండీ? ఎక్కమనండి!"

తలుపు దగ్గర నూనె డబ్బా ఒరిగిపోయి నూనె నేల మీద పారుతోంది. ఇంకో రోజైతే నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. మా ఆయన దాన్ని చూడనేలేదు. బందుల మసి అంటిన చేతులతో కళ్ళు తుడుచుకుని, బుగ్గలంతా నల్లగా చేసుకుని, నా వైపు వచ్చారు. నాకూ ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి, వచ్చింది.

"తీర్పు వచ్చినట్టుందండీ" అన్నాను.

చేతులు కడుక్కుని మధ్యగది గుమ్మం దాటారు. వెనకాల చెయ్యి పెట్టి వేడి చూశారు. తీగలు తడిమారు. కుర్చీ తన ఎత్తుకి సరిచేసుకుని కూర్చున్నారు. కొత్త పాస్‌వర్డ్ చెవిలో చెప్పేముందు ఒక ప్రశ్న అడిగాను.

"ఎర్ర దీపం వెలిగితే?"

"తీగ పీకి నిన్ను పిలుస్తా."

"ఏమీ నొక్కకుండా?"

"ఏమీ నొక్కకుండా."

కొండల పాఠం తెరిచి పట్టుకుని నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన రికార్డు మీట నొక్కి చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. మాట రాలేదు. తెర మీద క్షణాలు నడుస్తున్నాయి, ఆయన వీపు మాత్రం బిగుసుకుపోయి ఉంది. అలకేమోనని ఒక్క క్షణం చిరాకేసింది. అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషి ఉద్యోగమంతా ఎన్నడూ తనంతట తాను బస్సు కదిలించలేదు. ఒకసారి గుద్దాక మళ్ళీ కదలాలంటే వెనక నుంచి ఒకరు చెప్పాలి.

బస్‌స్టాండు మొత్తం వినపడేలా అరిచాను.

"రైట్ రైట్!"

ఆయన భుజాలు రెండూ ఒక్కసారి కిందికి దిగాయి. వెనక్కి తిరక్కుండానే నవ్వారు, చిన్నపిల్లాడిలా. ఆ ముక్క కత్తిరించొద్దని ఈసారి నేనే చెప్పాను. ఇప్పుడా బడిలో కొండల పాఠం పెడితే ముందు నా కేక వినిపిస్తుంది, దాని వెనకే మా ఆయన నవ్వు, ఆ తర్వాతే కొండలు.